పరపతి: దిద్దుకోదగిన తప్పు, దిద్దలేని నిజం



డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి స్మృతిలో, అందులోనూ మచిలీపట్నంలో, నాలుగు మాటలు చెప్పమని, బ్యాంకు కౌంటర్ల వెనక వయసు గడిపిన నన్ను పిలిచారు. పట్టాభి గారిని 1939లో సుభాష్ చంద్రబోస్‌తో పోటీపడిన నాయకుడిగా కొందరు తలుచుకుంటారు. కాంగ్రెస్ చరిత్ర రాసిన గ్రంథకర్తగా, మధ్యప్రదేశ్ గవర్నరుగా ఇంకొందరు తలుచుకుంటారు. నేను మాత్రం బ్యాంకు పెట్టిన డాక్టరుగా తలుచుకుంటాను. 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, ఈ ఊళ్లో ప్రాక్టీసు పెట్టిన మనిషి ఆయన. నాడి పట్టి చూసే చేతికి జనం జబ్బుల వెనకున్న అప్పులు కూడా తగిలి ఉంటాయి. 1923 నవంబరులో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఇక్కడే ఆంధ్రాబ్యాంకును నిలబెట్టారు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చింది. అంతకుముందే సహకార బ్యాంకు పనిలోనూ ఆయన చెయ్యి ఉంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రాబ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పేరు పోయినా, ఆయన వేసిన పునాది ఒకటి పోలేదు. మామూలు మనిషి మాటకు బ్యాంకులో విలువ ఉండాలన్నదే ఆ పునాది.

ఆ విలువ గురించే ఈ సాయంత్రం మాట్లాడదలిచాను. దాన్ని ఈ రోజుల్లో మనం ‘సిబిల్’ అంటున్నాం. ‘సిబిల్ పోయింది’, ‘సిబిల్ పడిపోయింది’, ‘సిబిల్ క్లియర్ చేయిస్తామంటున్నారు’ అనే మాటలు నా చెవిన పడని వారం ఉండదు. పోయిన పరపతిని నిజాయితీగా తిరిగి తెచ్చుకోవడం ఎలా, తెచ్చిపెడతామని డబ్బు గుంజేవాళ్ల నుంచి తప్పించుకోవడం ఎలా అన్నదే నా విషయం. ఆరు మెట్లుగా చెబుతాను.

1. చిట్టా నుంచి సిబిల్ దాకా

పరపతి అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. ఊళ్లో మనిషికి ఉండే పలుకుబడి ఒకటి, అప్పు పుట్టే శక్తి ఇంకొకటి. ‘సహకార పరపతి సంఘం’ అన్నప్పుడు రెండో అర్థం. ఈ రెంటినీ ఒకే మాటలో పెట్టుకున్న మన పెద్దలకు, అప్పు పుట్టేది నమ్మకం మీదేనని తెలుసు.

పూర్వం ఆ నమ్మకాన్ని షావుకారు తన చిట్టా ఆవర్జాల్లో రాసుకునేవాడు. ప్రామిసరీ నోటు రాసిచ్చిన రైతు ధాన్యం అమ్మగానే కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాయించుకునేవాడు. బాకీ మొత్తం తీరిన రోజున నోటు చేతికి తీసుకుని చించేసేవాడు. అది చించేదాకా ఇంట్లో ఆడవాళ్లకు నిద్ర పట్టేది కాదు. ఆ వ్యవస్థలో అన్యాయాలు లేకపోలేదు. వేలిముద్ర వేసినవాడికి తెలియకుండా అంకెలు మారిన కథలు మీ ఇళ్లలోనూ ఉంటాయి. అయితే తన లెక్క ఎక్కడుందో రైతుకు తెలుసు. వెళ్లి అడిగేవాడు, పోట్లాడేవాడు, పదిమందిని కూర్చోబెట్టేవాడు.

ఇప్పుడు ఆ చిట్టా మనకు కనపడని చోటికి వెళ్లింది. 2000లో మన అప్పుల లెక్కలు భద్రపరిచే సిబిల్ సంస్థ ఏర్పడింది. 2005లో రుణ సమాచార సంస్థల నియంత్రణ చట్టం వచ్చింది. ఈ రోజు రిజర్వు బ్యాంకు అనుమతితో నాలుగు సంస్థలు ఈ పని చేస్తున్నాయి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ వాటి పేర్లు. అవి ఇచ్చే స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. నకలును మనం జిరాక్స్ అన్నట్టే, నాలుగింటినీ కలిపి సిబిల్ అంటున్నాం.

ఈ మెట్టు మీద ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. మన చరిత్రను సిబిల్ తనంతట తాను రాయదు. రాసేది మనకు అప్పిచ్చిన బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ, కార్డు ఇచ్చిన సంస్థ. అవి కనీసం పదిహేను రోజులకోసారి లెక్కలు పంపాలని 2025 జనవరిలో నియమం వచ్చింది. సిబిల్ వాటిని భద్రపరిచే గుమస్తా. బ్యాంకు ఒప్పుకోకుండా ఒక్క అంకెను కూడా ఆ గుమస్తా మార్చలేడు. కాబట్టి ‘సిబిల్ ఆఫీసులో మనవాళ్లున్నారు’ అని ఎవరైనా అంటే, ఆ ఒక్క వాక్యంతోనే అతను అబద్ధమాడుతున్నాడని తేలిపోతుంది.

2. ముందు చదవడం

జ్వరం వచ్చిందని మందుల షాపుకు పరిగెత్తేవాళ్లకు పట్టాభి గారి వంటి వైద్యుడు ముందేం చెప్పి ఉంటాడు? పరీక్ష చేయించుకోమంటాడు. అప్పుల విషయంలో మనం ఆ ఒక్క పనీ చేయం. లోన్ రాలేదని తెలిసిన మరుక్షణం ఎవరినో పట్టుకుని స్కోరు పెంచమంటాం. నివేదికలో ఏముందో చూసి ఉండం.

2017 జనవరి నుంచి ప్రతి మనిషికీ ప్రతి సంస్థ నుంచి ఏడాదికొక పూర్తి నివేదిక ఉచితంగా పొందే హక్కు ఉంది. నాలుగు సంస్థలు కాబట్టి ఏడాదికి నాలుగు నివేదికలు. ఆ సంస్థల సొంత వెబ్‌సైట్లలో పాన్ నంబరు, ఫోన్ నంబరు వంటి వివరాలు ఇస్తే చాలు. మన నివేదిక మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్నది వట్టి భయం. అప్పు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు బ్యాంకు చూసే చూపు వేరు. ఒకే నెలలో ఆరు చోట్ల దరఖాస్తు పెడితే, ఈ మనిషికి డబ్బు ఇరకాటంగా ఉందని అర్థం చేసుకుంటారు. అది స్కోరును తగ్గిస్తుంది.

నివేదిక తెరవగానే స్కోరు దగ్గర ఆగిపోకండి. కిందికి రండి. పేరు, పుట్టిన తేదీ, పాన్, చిరునామాలు సరిగా ఉన్నాయా? తర్వాత ఒక్కో అప్పుకూ ఒక పేరా ఉంటుంది. అందులో నెలవారీ గడులుంటాయి. వాయిదా తేదీ దాటి ఎన్ని రోజులైందో ఆ గడులు చెబుతాయి. ‘000’ అని ఉంటే ఆ నెల బాకీ లేదని అర్థం. 30, 60, 90 అని పెరుగుతూ పోతే జబ్బు ముదురుతోందని అర్థం. ఆపైన ఖాతా స్థితి ఉంటుంది. ‘క్లోజ్డ్’ అంటే బాకీ తీరి ముగిసింది. ‘సెటిల్డ్’ అంటే పూర్తిగా కట్టకుండా, కొంతకు ఒప్పందం చేసుకుని ముగించారు. ‘రిటెన్ ఆఫ్’ అంటే ఇక రాదని బ్యాంకు తన లెక్కల్లో కొట్టేసింది. కొట్టేసినంత మాత్రాన అప్పు తీరినట్టు కాదు. ఈ మూడు మాటలకు తేడా తెలియక మోసపోయినవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను.

విద్యార్థులకు ఇక్కడ ఒక మాట. ‘మాకెందుకు, మేమింకా అప్పు చేయలేదు కదా’ అనుకోకండి. చదువు అప్పు మీ పేరునే ఉంటుంది. కోర్సు అయ్యాక గడువు ముగిసి వాయిదాలు మొదలైన సంగతి చాలామంది గమనించరు. బ్యాంకు ఉద్యోగాల ప్రకటనల్లో ఇప్పుడు రుణచరిత్ర సక్రమంగా ఉండాలన్న షరతు కనిపిస్తోంది. చరిత్ర బాగాలేదని స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేస్తే, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు దాన్ని సమర్థించింది.

నివేదిక చదివాక చేతికి ఒక కలం తీసుకోండి. మీకు నచ్చని ప్రతి వరుస పక్కనా ‘ఇది తప్పు’ అనో ‘ఇది నిజం’ అనో రాయండి. ఈ ఉపన్యాసమంతా ఆ రెండు మాటల మీదే నడుస్తుంది. తప్పుకు మందు వేరు, నిజానికి మందు వేరు. మోసగాడు బతికేది ఈ రెంటినీ కలగలిపి.

3. దిద్దుకోదగిన తప్పు

తప్పులు ఎలా వస్తాయి? మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగా, ఇంకో కాగితంలో పూర్తిగా రాస్తాం. ఒకే ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు నలుగురుంటారు. దివిసీమ వైపు నుంచి ఒక కౌలు రైతు నా దగ్గరకు వచ్చాడు. ట్రాక్టరు లోన్ రాలేదు. నివేదికలో అతనెన్నడూ ఎక్కని బండి తాలూకు ఫైనాన్సు బాకీ ఉంది. ఆ అప్పు అదే పేరున్న పెదనాన్న కొడుకుది. అన్నదమ్ముల మధ్య మాటలు లేవు. నివేదిక మాత్రం ఇద్దరినీ ఒకే మనిషిగా కలిపేసింది.

ఇంకొన్ని తప్పులు ఇలా వస్తాయి. అప్పు తీర్చేసినా బ్యాంకు ‘క్లోజ్డ్’ అని పంపదు. బాకీ మరో సంస్థకు అమ్ముడుపోయినప్పుడు, బ్యాంకులు విలీనమైనప్పుడు ఒకే అప్పు రెండుసార్లు కనపడవచ్చు. వాడని కార్డు మీద వార్షిక రుసుము పడి, దానిమీద వడ్డీ పెరిగి, కట్టాల్సినట్టు తెలియని బాకీ మొలుస్తుంది. కార్డు మూసేయమని అడిగితే, బాకీ లేనప్పుడు ఏడు పనిదినాల్లో మూయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు ఖాతాదారుకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2022లోనే నిర్దేశించింది. అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు మనం చేయని అప్పు. ఎక్కడో ఇచ్చిన ఆధార్, పాన్ నకళ్లతో ఎవరో మన పేర తీసుకున్నది.

వీటిని దిద్దుకునే దారి చట్టంలోనే ఉంది. దానికి ఏజెంటు అక్కర్లేదు, రుసుము లేదు.

ఏ వరుస తప్పో గుర్తించి, ఆ సంస్థ వెబ్‌సైట్లోనే వివాదం నమోదు చేయండి. అదే రోజున అప్పిచ్చిన బ్యాంకుకూ ఉత్తరం రాయండి. నో డ్యూస్ సర్టిఫికెట్, చివరి వాయిదా రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు జత చేయండి. ఫిర్యాదు నంబరు దాచుకోండి. నివేదికల్లో తప్పు ఎక్కడెక్కడ ఉందో అన్నిచోట్లా విడిగా నమోదు చేయాలి. ఒకచోట దిద్దితే మిగతా మూడుచోట్లా దానంతటదే దిద్దుకుపోతుందని అనుకోవద్దు.

ముప్పై రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. బ్యాంకుకు ఆ ముప్పైలో 21 రోజుల గడువు. ఆ లోపు సరైన సమాచారం పంపకపోతే పరిహారం దానిది. బ్యాంకు సకాలంలో పంపినా రుణ సమాచార సంస్థ సాగదీస్తే పరిహారం ఆ సంస్థది. దిద్దడం కుదరదంటే ఎందుకు కుదరదో రాసి చెప్పాలి.

జవాబు రాలేదు, లేదా వచ్చిన జవాబు న్యాయంగా లేదు. అప్పుడు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 2022 సెప్టెంబరు నుంచి రుణ సమాచార సంస్థలు కూడా ఆ పథకం కిందికి వచ్చాయి. ఫిర్యాదుకు పైసా ఖర్చు లేదు. 14448 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే వివరం అడగవచ్చు.

ఆ కౌలు రైతు విషయం చెప్పి ముందుకు పోతాను. ఇద్దరి పాన్ కార్డుల నకళ్లు పెట్టి రాశాం. పాన్ కార్డు ఇవ్వాల్సింది మాటల్లేని ఆ అన్నే. ఇతను వెళ్లి అడిగాడు. ఆయన ఇచ్చాడు. ఐదో వారంలో ఆ బాకీ వరుస నివేదిక నుంచి పోయింది. తపాలా ఖర్చు తప్ప ఇంకేమీ కాలేదు.

4. దిద్దలేని నిజం

ఇప్పుడు కష్టమైన మెట్టు. వాయిదాలు నిజంగానే తప్పాయి. ఉద్యోగం పోయిందో, పంట పోయిందో, ఆసుపత్రి ఖర్చు మీద పడిందో. కారణం ఎంత న్యాయమైనదైనా గడిలో 90 అన్న అంకె నిజం. దాన్ని ఎవరూ చెరపలేరు, చెరపకూడదు. కానీ దాన్ని పాతబడేలా చేయవచ్చు. నెలవారీ గడులు ఒక్కో అప్పుకు 36 నెలల దాకా కనిపిస్తాయి. అంటే కొత్తగా పెట్టే ప్రతి మంచి నెలా ఒక పాత చెడ్డ నెలను వెనక్కి నెడుతుంది. మందు అదే. ఆ మందు చేదు, నెమ్మది. కానీ పనిచేస్తుంది.

మొదట పాత బాకీ కట్టండి. కొత్త అప్పు తెచ్చి పాత అప్పు తీర్చే ఆలోచన వస్తే, రెండు రోజులు ఆగి లెక్క వేసుకోండి. కార్డు మీద ‘కనీస మొత్తం’ కడితే గడిలో మచ్చ పడదు, నిజమే. కానీ మిగిలిన దాని మీద వడ్డీ పేరుకుపోతుంది. కార్డు పరిమితిలో మూడో వంతుకు మించి వాడకుండా చూసుకోండి. జీతం పడిన మర్నాడే వాయిదా కట్ అయ్యేలా పెట్టుకోండి. ఎక్కడా అప్పు పుట్టనివాళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు ఒక దారి. చిన్న డిపాజిట్ పెట్టి, ఆ కార్డుతో నెలకు కాసిని కిరాణా సరుకులు కొని, బిల్లు మొత్తం గడువులోగా కడుతూ పోతే కొత్త చరిత్ర మొదలవుతుంది.

సెటిల్‌మెంట్ గురించి విడిగా చెప్పాలి. రెండు లక్షల బాకీకి తొంభై వేలు కట్టి ముగించుకోమని బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. ప్రాణం లేచి వస్తుంది. నిజంగా దారిలేనివాడు ఒప్పుకోవచ్చు, తప్పు కాదు. కానీ నివేదికలో ‘సెటిల్డ్’ అని పడుతుందని, తర్వాత ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు ఆ మాట అడ్డు నిలుస్తుందని తెలిసి ఒప్పుకోవాలి. ముందే సెటిల్ చేసుకున్నవాళ్లు తర్వాత చేతిలో డబ్బు ఆడినప్పుడు బ్యాంకుకు వెళ్లి, మాఫీ చేసిన మిగతా మొత్తం కట్టి, ‘క్లోజ్డ్’ అని మార్చమని రాతపూర్వకంగా అడగవచ్చు. కట్టేముందే ఆ ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి.

హామీ సంతకం గురించి కూడా. మనలో చాలామంది మేష్టార్లు, ప్రభుత్వ ఉద్యోగులు మొహమాటానికి తోడల్లుడికో, స్టాఫ్‌రూమ్ స్నేహితుడికో హామీ సంతకం పెట్టి మరిచిపోతారు. అతను కట్టకపోతే ఆ మచ్చ మీ నివేదికలోనూ పడుతుంది. సంతకం పెట్టేటప్పుడు అది మీ అప్పే అనుకుని పెట్టండి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన బాధ ఒకటి ఉంది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ల పేరిట వేధింపులు నిజం, ప్రాణాలు పోయిన మాట నిజం. ఆ దౌర్జన్యాన్ని ఆపాల్సిందే. కానీ ఆ వెంటనే ‘ఇక కట్టక్కర్లేదట’ అన్న మాట ఊరూరా పాకింది. వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. బాకీ రద్దయిందని మాత్రం ఆ అక్కచెల్లెళ్లకు ఎవరూ రాసివ్వలేదు. రైతు రుణమాఫీల్లోనూ ఇదే జరుగుతోంది. 2014లో మొదలై రెండు రాష్ట్రాల్లోనూ మాఫీ విడతలవారీగా నడిచింది. 2024 జూలై, ఆగస్టుల్లో తెలంగాణలో రెండు లక్షల దాకా మూడు దశల్లో జరిగింది. మాఫీ మంచిదా కాదా అన్న చర్చ ఈ సభది కాదు. మాఫీ వస్తుందని వాయిదా ఆపినవాడికి, అది వచ్చేదాకా గడచిన ప్రతి రోజూ నివేదికలో బాకీగానే లెక్కకొస్తుంది. ప్రకటన వినడం వేరు, ఖాతాలో జమ చూడటం వేరు. పేరు జాబితాలో ఉన్నా బ్యాంకుకు వెళ్లి ఖాతా స్థితి చూసుకోవాలి.

5. అబద్ధాన్ని అమ్మేవాడు

మా బంధువుల అమ్మాయి ఇంజనీరింగ్ చదివింది. చదువు అప్పు ఎనిమిది నెలలు బాకీ పడింది. ఫోన్లో ప్రకటన చూసి ఒకతనికి పదిహేను వేలు పంపింది. ‘ముప్పై రోజుల్లో 780 గ్యారంటీ’ అన్నాడు. ఆమె పేర లాగిన్ తెరిచి, ఫోన్ నంబరు, ఈమెయిల్ తనవి పెట్టుకున్నాడు. ఉన్న ప్రతి వరుస మీదా వివాదం వేశాడు. విచారణలో ఉన్నట్టు నివేదికలో పడిన సూచనను ఫొటో తీసి ‘చూడమ్మా, పని అవుతోంది’ అని పంపాడు. బ్యాంకు ‘బాకీ నిజమే’ అంది. వివాదం మూసుకుపోయింది. అతని ఫోన్ ఆగిపోయింది. ఆ పదిహేను వేలు బాకీకి కట్టి ఉంటే మూడు వాయిదాలు తీరేవి. ఆ అమ్మాయి నా దగ్గర కూర్చుని ఏడ్చింది డబ్బు కోసం కాదు, ‘ఇంత చదువుకుని మోసపోయాను మావయ్యా’ అని. ఇందులో చదువు తప్పేమీ లేదు. భయపడ్డ మనిషికి ఆశ అమ్మడం చాలా సులువు.

ఈ వ్యాపారం తీరు ఐదారు రకాలు. మీరు విన్నప్పుడు గుర్తుపట్టాలని చెబుతున్నాను.

ముందే డబ్బు అడిగేవాడు. ఫలితం గ్యారంటీ అనేవాడు. నివేదికలో ఏముందో చూడకుండానే ఎన్ని మార్కులు పెరుగుతాయో చెప్పేవాడు. వీళ్లు ముగ్గురూ ఒకటే.

ఓటీపీ, పాస్‌వర్డు, ఆధార్, పాన్ నకళ్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు అడిగేవాడు. స్కోరు పెంచే పేరుతో మీ పేర కొత్త అప్పులు తీయడానికి అతనికి కావాల్సినవన్నీ మీరే ఇచ్చినట్టు అవుతుంది.

దొంగ నో డ్యూస్ సర్టిఫికెట్ తయారుచేసి పెడతాననేవాడు. అది ఫోర్జరీ. పట్టుబడితే కేసు అతనొక్కడి మీదే కాదు, దాన్ని వాడుకున్న మీ మీద కూడా.

కొత్త పాన్ తీసుకుంటే కొత్త సిబిల్ పుడుతుందనేవాడు. ఒక మనిషికి రెండు పాన్‌లు ఉండకూడదు. అందుకు పదివేల రూపాయల జరిమానా ఉంది. ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, చిరునామాలతో పాత చరిత్ర కొత్త పాన్‌ను వెతుక్కుంటూ వస్తుంది.

‘బ్యాంకుకు వాయిదాలు ఆపేయండి, నెలనెలా మాకు కట్టండి, మేం సెటిల్ చేయిస్తాం’ అనేవాడు. ఇది కొత్తగా పెరుగుతున్న రకం. వాళ్లకు రుసుము, మీకు పెరిగే వడ్డీ, నివేదికలో నెలనెలా కొత్త మచ్చ, చివరికి మిగిలేది అదే ‘సెటిల్డ్’ ముద్ర. బ్యాంకుతో నేరుగా మాట్లాడితే రుసుము లేకుండానే వాయిదాల గడువు పెంచమని అడగవచ్చు.

‘సిబిల్ లేకపోయినా ఐదు నిమిషాల్లో లోన్’ అనే యాప్‌లు. 2020 డిసెంబరులో హైదరాబాదులో పోలీసులు ఇలాంటి యాప్‌ల ముఠాలను పట్టుకున్నప్పుడు, ఫోన్లోని పేర్లన్నిటికీ అవమానకరమైన సందేశాలు పంపి మనుషుల్ని చావుదాకా నెట్టిన సంగతి బయటపడింది. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో డిజిటల్ అప్పులకు మార్గదర్శకాలు తెచ్చింది. రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్లో ఇప్పుడు అనుమతి ఉన్న సంస్థల యాప్‌ల జాబితా ఉంది. ఆ జాబితాలో లేని యాప్ జోలికి వెళ్లకండి.

ఇప్పటికే చిక్కుకున్నవాళ్లు ఈ సభలో ఉండవచ్చు. సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు వెళ్లిన మొదటి గంటల్లోనే ఆ ఫోన్‌కు విలువ ఎక్కువ. జాతీయ సైబర్ నేరాల పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. మీ బ్యాంకుకు చెప్పండి. పాస్‌వర్డులు మార్చండి. నెల తర్వాత నాలుగు నివేదికలూ తీసి, మీరు చేయని అప్పు పుట్టిందేమో చూడండి.

6. చట్టం చేయాల్సింది, మనం చేయాల్సింది

ఈ మోసం మన దగ్గరే పుట్టలేదు. అమెరికాలో 1996లోనే పరపతి మరమ్మతు సంస్థల మీద ఒక ప్రత్యేక చట్టం చేశారు. మాట ఇచ్చిన పని పూర్తిచేయకముందు డబ్బు తీసుకోకూడదు. ఒప్పందం కాగితం మీద ఉండాలి. సంతకం పెట్టాక మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు ఉండాలి. అక్కడికి చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలకు మొదటి రోజుల్లో పరపతి చరిత్రే ఉండదు. ఖాళీ పలకతో మొదలుపెట్టిన ఆ పిల్లలకు కూడా ‘కొత్త నంబరుతో కొత్త చరిత్ర’ అమ్మేవాళ్లు ఎదురవుతారు. ఆ చట్టం గురించి వాళ్లకు తెలియాలి.

మన దేశంలో నివేదికల గోప్యతకు చట్టం ఉంది, దిద్దుబాటుకు గడువు ఉంది, పరిహారం ఉంది. అచ్చంగా ఈ మరమ్మతు వ్యాపారాన్ని కట్టడి చేసే చట్టం మాత్రం లేదు. పని కాకముందు రుసుము తీసుకోవడం నేరం అన్న ఒక్క నిబంధన వచ్చినా ఈ వ్యాపారంలో సగం మూతపడుతుంది. ఈ వేదిక నుంచి మన ప్రజాప్రతినిధులను నేను కోరేది అదే.

బ్యాంకు మిత్రులను మూడు కోరుతున్నాను. అప్పు తిరస్కరించినప్పుడు ‘సిబిల్ బాగాలేదు’ అని ఊరుకోకండి. ఏ వరుస అడ్డొచ్చిందో చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆ మనిషి మోసగాడి గుమ్మం తొక్కకుండా ఆగిపోతాడు. రెండోది, బాకీ తీర్చిన రోజునే నో డ్యూస్ కాగితం చేతిలో పెట్టండి. ఆనాడు నోటు తిరిగి చేతికిచ్చిన షావుకారుకన్నా మనం వెనకబడకూడదు. మూడోది, మొదటిసారి అప్పుకు వచ్చేవాళ్లను చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. మొదటి అప్పుకు కనీస స్కోరంటూ ఏదీ లేదని 2025 ఆగస్టులో కేంద్రం పార్లమెంటులోనూ తెలిపింది. ఆ మాట మన శాఖల్లో కౌంటర్ దాకా రావాలి.

కళాశాలల అధ్యాపకులకు ఒక మనవి. చివరి సంవత్సరం విద్యార్థులను ఒక్క మధ్యాహ్నం కూర్చోబెట్టి ఎవరి నివేదిక వాళ్ల చేత తీయించండి. అందులోని ప్రతి మాటకూ తెలుగులో అర్థం చెప్పండి. ఆ పిల్లలు ఇంటికి వెళ్లి అమ్మ డ్వాక్రా అప్పు, నాన్న పంట రుణం చూసిపెడతారు.

పట్టాభి గారు 1923లో ఈ ఊళ్లో బ్యాంకు తెరిచినప్పుడు, మామూలు మనిషి మాట మీద నమ్మకంతోనే తెరిచారు. ఆ మాటను ఇప్పుడు యంత్రాలు లెక్క పెడుతున్నాయి. లెక్క తప్పితే దిద్దించుకునే హక్కు మనకుంది. లెక్క సరిగానే ఉండి మన నడక తప్పితే, దిద్దుకోవాల్సింది నడకనే. ఈ రెండు పనుల్లో దేనికీ మధ్యవర్తి అక్కర్లేదు.

ఈ రాత్రి ఇంటికి వెళ్లాక ఒక్క పని చేయండి. ఒక నివేదిక తెప్పించుకోండి. ఇంట్లో అందరూ కూర్చుని ప్రతి వరుసా చదవండి. ‘తప్పు’ అన్నచోట రేపు ఉత్తరం రాయండి. ‘నిజం’ అన్నచోట రేపటి వాయిదా సమయానికి కట్టండి.